మే నెలలో మలేషియాలో పెళ్లి: 76 ఏళ్ల అమ్మను తీసుకెళ్లవచ్చా?

గోదారిగట్టు
మా పిన్ని మనవరాలి పెళ్లి మే మూడో వారంలో. మలేషియాలో పేరాక్ రాష్ట్రం, బాగాన్ దాతుక్ దగ్గర కొబ్బరితోటల మధ్య ఊరు. పిన్నిని 1968లో అక్కడి తెలుగువాళ్లకే ఇచ్చారు. ఆ తర్వాత అమ్మ, పిన్ని కలుసుకున్నది మూడు సార్లే. చివరిసారి 2004లో. ఇప్పుడు రాజమండ్రి నుంచి నేను, మావారు, ఇద్దరు పిల్లలు (ఆరేళ్లు, పదకొండేళ్లు), అన్నయ్య, వదిన బయలుదేరుతున్నాము.

గొడవంతా అమ్మ గురించే. వయసు 76. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్, బీపీ మాత్ర, మోకాళ్ల నొప్పులు. అన్నయ్య ససేమిరా వద్దంటున్నాడు. అక్కడి ఉక్కకు తట్టుకోలేదట, పెళ్లి ఫోనులో చూపిస్తాడట. అమ్మ రెండు రోజులుగా వాడితో మాట్లాడటం లేదు. నిన్న చూస్తే పాత పంచె ముక్కలో గోంగూర విత్తనాలు మూటకట్టి సూట్‌కేసు అడుగున పెట్టుకుంది, చెల్లెలి పెరట్లో చల్లడానికట. నాకు ఏడుపు ఆగలేదు.

వెళ్లి వచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తీసుకెళ్లవచ్చా?

సూటిమాట
వద్దు. కటువుగా ఉన్నా చెబుతున్నాను. మా మామగారిని నాలుగేళ్ల క్రితం బాంకాక్‌లో పెళ్లికి తీసుకెళ్లాము. ఆరుబయట మండపం, మధ్యాహ్నం మూడు గంటలు. కూర్చున్న కుర్చీలోంచే పక్కకు ఒరిగిపోయారు. మూడు రోజులు ఆసుపత్రి. మధుమేహం సంగతి పాలసీలో రాయలేదని బీమావాళ్లు పైసా ఇవ్వలేదు. పెళ్లివారు మా చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ పిల్ల పెళ్లి ఫోటోల్లో మా వాళ్లు ఒక్కరూ లేరు.

బొబ్బిలివీణ
సూటిమాట గారూ, మీకు జరిగింది కష్టమే. కానీ అది మూడు గంటల ఎండలో కూర్చోబెట్టినందుకు జరిగింది, తీసుకెళ్లినందుకు కాదు. ఇరవై ఏళ్లకు పైగా చెల్లెలిని చూడని మనిషికి ఫోను చూపిస్తామనడం నాకు మింగుడుపడటం లేదు.

నైట్‌షిఫ్టు
నాకు అర్థం కానిది ఒకటే. మే నెలలో రాజమండ్రిలో 44 డిగ్రీలు చూసిన మనిషికి అక్కడి 33 డిగ్రీలు ఒక లెక్కా?

మందులపెట్టె
నైట్‌షిఫ్టు గారూ, లెక్కే. అంకె చూసి మోసపోకండి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, చెమట పుడుతుంది కానీ ఆరదు. కారిపోతుంది, ఒంట్లో నీరు పోతుంది, వేడి మాత్రం లోపలే ఉంటుంది. పైగా రాత్రి కూడా 24, 25 కంటే దిగదు. వయసు మళ్లినవాళ్లకు దాహం తెలియడం కూడా తగ్గుతుంది. అడిగితే "వద్దమ్మా, దాహం లేదు" అంటారు. అడగకండి, గ్లాసు చేతికివ్వండి.

గోదారిగట్టు గారికి నా సలహా: తీసుకెళ్లండి, కానీ నెల ముందే డాక్టరుకు చూపించండి. బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉందేమో అడగండి. వేడిలో ఇన్సులిన్ ఒంట్లోకి త్వరగా ఇంకుతుంది, చక్కెర అనుకోకుండా పడిపోవచ్చు. అక్కడ ఉన్నన్ని రోజులూ మామూలు కంటే ఎక్కువసార్లు చూడండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. కింద సామానులో వేస్తే గడ్డకట్టవచ్చు, గడ్డకట్టిన మందు పనికిరాదు. డాక్టరు చీటీ దానితోనే పెట్టండి. అక్కడ కారులో మాత్రం వదలకండి, పది నిమిషాలైనా సరే.

సూటిమాట
మందులపెట్టె గారు చెప్పినవన్నీ ఎవరు చేస్తారు? పెళ్లి ఇంట్లో అందరూ ఎవరి హడావిడిలో వాళ్లుంటారు. నేను చూసింది అదే.

మందులపెట్టె
అందుకే ఒక మనిషిని పెట్టుకోవాలి. అందరూ చూసుకుంటారు అంటే ఎవరూ చూసుకోరు. పూటకొకరు, పేరు పెట్టి.

పేరాక్_మనవడు
నేను అక్కడివాడినే. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరితోట పనికి వచ్చాడు. ఇప్పుడు మాది తెలుక్ ఇంతాన్. మీ పిన్నిగారి ఊరి వైపు తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. బ్రిటిషువాళ్ల కాలంలో విశాఖ, శ్రీకాకుళం, గోదావరి వైపుల నుంచి వచ్చినవాళ్ల సంతతి. మా తెలుగు సంఘం 1955లో పుట్టింది. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి, మా నాన్న వెళ్లాడు. నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి, ఇంట్లో నేర్చుకున్నదే.

మీరు భయపడేది పెళ్లి హాలు గురించి అయితే భయం వద్దు. ఇక్కడి హాళ్లలో ఏసీ ఎంత పెడతారంటే మా అమ్మమ్మ శాలువా లేకుండా వెళ్లదు. ఇబ్బంది బయట. విమానాశ్రయం నుంచి కారులో దాదాపు మూడు గంటలు. దారిలో హైవే పక్కన ఆగే చోట్లు బాగుంటాయి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, రెండుసార్లు ఆగండి. పెళ్లికి ముందురోజు ఇంటి ముందు టెంటు వేస్తారు, అక్కడ ఏసీ ఉండదు, ఫ్యాన్లే. పెద్దావిడను అక్కడ పొద్దున తొమ్మిదిలోపు కూర్చోబెట్టండి, లేదా సాయంత్రం వాన పడ్డాక. మధ్యాహ్నం లోపలే. ఇక్కడ చాలా సాయంత్రాలు ఉరుములతో వాన వస్తుంది. గొడుగు మరవకండి.

గోదారిగట్టు
పేరాక్_మనవడు గారూ, మీ తెలుగులో తప్పు ఏముంది? మా పిల్లల తెలుగు కంటే నయం. అమ్మకు చదివి వినిపించాను. తెలుక్ ఇంతాన్ పేరు వినగానే "అక్కడ ఒరిగిన గడియారం ఉంటుందని చెల్లి ఉత్తరంలో రాసింది" అంది.

పేరాక్_మనవడు
ఉంది! గడియారం ఉన్న గోపురం అది, 1885లో కట్టింది. ఇంకా ఒరిగే ఉంది. తప్పకుండా చూపించండి, మెట్లు ఎక్కక్కర్లేదు, కింద నుంచి చూస్తే చాలు.

చీరలమూట
బట్టల సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. పట్టుచీర ముహూర్తానికి ఒక్కటి చాలు. తక్కినవన్నీ మంగళగిరి, వెంకటగిరి నూలు. అంత పట్టు కావాలంటే ఉప్పాడ, తేలిగ్గా ఉంటుంది. మా చెల్లి కంచిపట్టు మూడు తీసుకెళ్లి చెమట మరకలతో తెచ్చుకుంది, జాకెట్టు చంక దగ్గర జరీ నల్లబడింది. విప్పిన చీర వెంటనే మడవకండి, నీడలో ఆరనిచ్చి పాత నూలు పంచెలో చుట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే ఆ తేమకు బూజు పడుతుంది. జాకెట్టు లైనింగు నూలుదే వేయించండి.

రైల్వే_విశ్రాంత
కాగితాల సంగతి. 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్లకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు, బయలుదేరే ముందు ఆ సౌకర్యం ఇంకా ఉందో లేదో మళ్లీ చూసుకోండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. చేరే రోజుకు ముందు మూడు రోజుల్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, పిల్లలతో సహా ఒక్కొక్కరికీ విడివిడిగా. అది ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైటు కనబడితే మూసేయండి, మా వియ్యంకుడు మనిషికి రెండు వేలు కట్టి మోసపోయాడు. అమ్మగారికి చక్రాల కుర్చీ టికెట్టు కొన్నప్పుడే చెప్పండి, ఆ రోజు అడిగితే దొరక్కపోవచ్చు.

మరొకటి. నగలు. మెడలో ఎక్కువ బంగారం పెట్టుకుని వెళ్లేవాళ్లు బయలుదేరేటప్పుడు ఇక్కడి కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నది కాదని మీరే నిరూపించుకోవాలి. దానికోసం గంట ముందు చేరుకోండి.

గోదారిగట్టు
ధ్రువపత్రం మాట మాకు ఎవరూ చెప్పలేదు. వదినకు చూపించాను, వెంటనే హారం, వంకీలు లాకరులో పెట్టేస్తానంది! ఒడిబియ్యానికి ఎండుకొబ్బరి చిప్పలు, కర్పూరం, పూతరేకులు సర్దుతోంది. అవన్నీ తీసుకెళ్లవచ్చా?

రైల్వే_విశ్రాంత
కర్పూరం విమానంలో కుదరదు, మండే వస్తువు. ఎండుకొబ్బరి కూడా చెక్-ఇన్ సామానులో నిషేధం. దానిలోని నూనెకు తనంతట తనే వేడెక్కి అంటుకుంటుందట. ఊరగాయ చేతిసంచిలో వద్దు, కింద సామానులో బాగా బిగించి వేయండి. పూతరేకులకు ఇబ్బంది లేదు, చేతిలోనే పట్టుకోండి, లేకపోతే పొడి అవుతాయి.

పేరాక్_మనవడు
బాగాన్ దాతుక్‌కు కొబ్బరి తెస్తున్నారా అమ్మా! మా దగ్గర కొబ్బరి తప్ప ఏముంది, మీరు చేతులూపుకుంటూ రండి.

బొబ్బిలివీణ
గోదావరి జిల్లావాళ్లు ఎక్కడికి వెళ్లినా కొబ్బరి వెంట ఉండాల్సిందే. 😀

వంటింటి_కిటికీ
గోంగూర విత్తనాల మాట ఎవరూ ఎత్తలేదు. దయచేసి తీసుకెళ్లనివ్వకండి. విత్తనాలు, మొక్కలు, పచ్చి ఆకులు చాలా దేశాలు అనుమతి లేనిదే రానివ్వవు. పురుగు, తెగులు వెంట వస్తాయని వాళ్ల భయం, ఆ భయం సరైనదే. మామిడాకులు, తమలపాకులు కూడా అంతే. ఆవిడ మనసు నొప్పించకుండా చెప్పండి.

నైట్‌షిఫ్టు
చిన్న మూటేగా. ఎవరు చూస్తారు?

వంటింటి_కిటికీ
చూస్తే ఆ వయసులో ఆవిడను కౌంటరు దగ్గర నిలబెట్టి అడుగుతారు. కూతురిగా నేనైతే ఆ పని చేయించను.

పెద్దకొడుకు
ఇంతసేపు చదివాను. గోదారిగట్టు గారూ, మీ అన్నయ్య తరఫున ఒక మాట. నేను కూడా మా ఇంట్లో "వద్దు" అన్న కొడుకునే. నాన్నను కాశీకి తీసుకెళ్లనన్నాను. గుండె ఆగిపోతే పరాయి ఊళ్లో ఏం చేయాలో తెలియక వద్దన్నాను, ప్రేమ లేక కాదు. ఏడాది తిరక్కుండా నాన్న ఇంట్లోనే పోయారు. మీ అన్నయ్యతో వాదించకండి. ఏ ఆసుపత్రి, ఎంత దూరం, ఎవరు కారు నడుపుతారు, బీమాలో పాత జబ్బులకు కూడా వర్తిస్తుందా, ఇవి కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. భయపడేవాడికి చేతిలో పని ఉంటే భయం తగ్గుతుంది.

సూటిమాట
ఈ మాటకు నేను ఒప్పుకుంటాను. బీమా పత్రంలో మధుమేహం, బీపీ రెండూ రాయించండి. ప్రీమియం పెరిగినా సరే. అన్నీ కుదిరితే తీసుకెళ్లండి.

మందులపెట్టె
దోమల సంగతి మరిచాను. డెంగీ దోమ పగలు కుడుతుంది, పొద్దున, సాయంత్రం మరీ ఎక్కువ. పిల్లలకు పూర్తి చేతుల చొక్కాలు వేయండి. వచ్చాక రెండు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరుకు ముందు మలేషియా వెళ్లొచ్చామని చెప్పండి. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర సొంతంగా వేయకండి.

చిన్నబస్తీ
పిల్లలను బాటు గుహలకు తీసుకెళ్తారుగా? 272 మెట్లు, పెద్దావిడను కింద సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం దగ్గర కూర్చోబెట్టండి. 140 అడుగుల విగ్రహం, కింద నుంచే కడుపునిండా దర్శనం. పొద్దున ఎనిమిదిలోపు వెళ్లండి. చేతిలో అరటిపండు కనబడితే కోతులు వదలవు.

రైల్వే_విశ్రాంత
ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, మనవి పట్టవు. అడాప్టరు రెండు కొనండి. గడియారం రెండున్నర గంటలు ముందుకు. హోటలులో విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్లు పర్యాటక పన్ను విడిగా తీసుకుంటారు, అది మోసం కాదు, పోట్లాడకండి.

గోదారిగట్టు
పెద్దకొడుకు గారు చెప్పినట్టే చేశాను. కాగితం అన్నయ్య చేతికి ఇచ్చాను. గంటసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం డాక్టరు అపాయింట్‌మెంటు వాడే తీసుకున్నాడు. అమ్మ టికెట్టు కూడా వాడే కొన్నాడు, చక్రాల కుర్చీతో సహా. విత్తనాల సంగతి నేను చెప్పాను. అమ్మ మూట విప్పి డబ్బాలో పోసేసింది. "సరేలే, దానికి నోటితో చెబుతాను" అంది. అందరికీ దండం.

వంటింటి_కిటికీ
వచ్చాక తప్పకుండా రాయండి.

చీరలమూట
ఫోటోలు అక్కర్లేదు, చీరల సంగతి చాలు.

గోదారిగట్టు
నిన్న రాత్రి తిరిగి ఇంటికి చేరాము. అడిగారు కనుక వివరంగా రాస్తున్నాను.

అర్ధరాత్రి విమానం, తెల్లవారేసరికి కౌలాలంపూర్. అమ్మను కుర్చీలో ముందుకు తీసుకెళ్లారు, మేమంతా ఆమె వెనక, వరుసలో నిలబడక్కర్లేకుండా పోయింది. తలుపు దాటగానే తడిగుడ్డ ముఖానికి కప్పినట్టయింది. పావుగంటలో చొక్కాలు వీపులకు అంటుకున్నాయి. నైట్‌షిఫ్టు గారూ, 33 డిగ్రీలు లెక్కే.

దారిలో రెండుసార్లు ఆగాము. ఒరిగిన గడియారం దగ్గర అమ్మ కారు అద్దం దించి అయిదు నిమిషాలు చూసింది.

పిన్ని గేటు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ ఏడుస్తారని అనుకున్నాను. పిన్ని అమ్మ చేయి పట్టుకుని "అక్కా, ఇంత సన్నబడ్డావేమిటే" అంది. అమ్మ "నువ్వు నల్లబడ్డావు" అంది. అంతే, లోపలికి వెళ్లిపోయారు. ఆ రాత్రి ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు. ఫ్యాను చప్పుడులో వాళ్ల మాటలు తెల్లవారుజాము దాకా వినబడుతూనే ఉన్నాయి.

పెళ్లికి ముందురోజు మాత్రం భయపడ్డాము. పెళ్లికూతురిని చేసే వేళకు టెంటు కింద పదకొండు దాటింది. తొమ్మిది అనుకున్నది ఆలస్యమైంది. ఆ పూట అన్నయ్య వంతు. అమ్మ పెదవుల చుట్టూ చెమట పట్టిందని, అక్షింతలు వేసే చేయి వణుకుతోందని వాడే చూశాడు. చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి వేలికి సూది గుచ్చితే 62. గ్లూకోజు తాగించి పావుగంటకు చూస్తే 81, తర్వాత అన్నం పెట్టాము. మందులపెట్టె గారూ, మీరు రాసిన పావుగంట మాట మా అన్నయ్యకు కంఠస్థం. పిన్ని కోడలు మిగతా తంతు అంతా లోపలి గదిలోకి మార్పించింది, ఒక్కరూ విసుక్కోలేదు.

అక్కడ పెళ్లి చట్టప్రకారం ముందే రిజిస్టరు చేయిస్తారట. ముహూర్తం ఆదివారం పొద్దున, హాలులో. పిల్లవాడి తరఫు సగం మంది తమిళులు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆ పక్కవాళ్లు లేచి నిలబడి చూశారు. అమ్మ శాలువా కప్పుకునే ఉంది. చీరలమూట గారూ, వెంకటగిరి చీర నాలుగు రోజులు కట్టాను, మీకు రుణపడి ఉంటాను.

ఇప్పుడు అసలు మాట. పెళ్లయిన మర్నాడు పొద్దున అమ్మ విత్తనాల సంగతి ఎత్తింది, తేవాలనుకున్నానే, వీళ్లు వద్దన్నారే అని. పిన్ని ఏమీ అనకుండా పెరట్లోకి నడిచింది. కంచె పొడుగునా గోంగూర. ఎర్ర కాడలు, నడుమెత్తు. అక్కడ ఆ జాతి మొక్కను రోసెల్ అంటారట, ఎర్రకాయలతో పానకం చేస్తారట, ఆకు మాత్రం వాళ్ల వీధిలో ఈ ఒక్క ఇంట్లోనే వండుతారట. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒడిలో వేసుకుని ఆకు తుంచారు. పిన్ని కాడలు పారేస్తుంటే అమ్మ ఏరి పక్కన పెట్టింది, "లేత కాడ పారేస్తావేమే, అమ్మ చూస్తే ఊరుకునేదా" అంటూ.

పేరాక్_మనవడు
మా అమ్మమ్మ కూడా ఆ ఆకే వండేది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ రాదు. మీ అమ్మగారు ఎలా చేశారో రాయగలరా?

గోదారిగట్టు
అమ్మ పక్కనే ఉంది, చెబుతోంది, రాసుకోండి. ఆకు కడిగి నీడలో ఆరబెట్టాలి, తడి ఉంటే పచ్చడి నిలవదు. మూకుడులో ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు నూనెలో వేయించి తీయాలి. అదే నూనెలో ఆకు వేసి ముద్దయ్యేదాకా మగ్గనివ్వాలి, మూత పెట్టకూడదు. మిర్చి, ఉప్పు, వెల్లుల్లి ముందు దంచి, ఆకు చివర్లో వేసి రెండు పోట్లు, అంతే. మీ దగ్గర రోలు ఉందా అని అడుగుతోంది.

పేరాక్_మనవడు
ఉంది. అమ్మమ్మది. గేటు దగ్గర తొట్టి కింద పెట్టాము. ఈ ఆదివారం కడుగుతాను.